బియ్యం గదిలో మూడు గోలీలు

కట్టంగూర్ మండలంలోని ఒక చిన్న ఊరి బడిలో బిక్షమ్మ పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. చేరిన ఏడాది సగం మంది పిల్లలు ఇంటి నుంచే డబ్బాలు తెచ్చుకునేవారు. ఆమె ఏ వాడ మనిషో ఎవరూ నోరు తెరిచి అనలేదు గాని, కారణం ఆమెకు తెలుసు. ఒక్కొక్కటిగా ఆ డబ్బాలన్నీ ఆగిపోవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు అరవై మందీ ఆమె పప్పుచారుకే పళ్లేలు చాపుతారు.

అందుకే పోయిన ఏడు దసరా సెలవుల తర్వాత బస్తా విప్పి చెయ్యి పెట్టగానే ముక్కుపురుగులు మోచేతి దాకా పాకితే, ఆమెకు ముందు ఆ డబ్బాలే గుర్తొచ్చాయి. తోటి వంటమనిషి గ్లోరీతో కలిసి మూడు రోజులు చెరిగింది, జల్లెడ పట్టింది, కడిగేటప్పుడు తేలినవన్నీ ఏరింది. నాలుగో రోజు రెండో తరగతి పూజ అన్నంలోంచి ఒకదాన్ని వేలితో తీసి చూపించింది.

"అవ్వా, గిది జీలకర్రనా?"

"ఆఁ, జీలకర్రే బిడ్డా. తిను."

అనడమైతే అంది గాని, ఆ పళ్లెం మీదే కన్నేసి ఉంచింది. ఆ పిల్ల ఇంట్లో ఏం చెబుతుందో, ఎవరు ఫోన్లో ఫొటో తీస్తారో!

శనివారం బడి విడిచాక పురుగుమందుల దుకాణానికి పోయి మూడు గోలీలు తెచ్చింది. "బస్తాల నడుమ పెట్టి తలుపెయ్యి. రెండు రోజులల్ల ఒక్క పురుగు మిగలదు," అన్నాడు దుకాణం ఆయన. అంతకుమించి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. గోలీలు పాత గుడ్డలో చుట్టి బస్తాల మధ్య దూర్చి, గదికి తాళం వేసింది. గ్లోరీకి కూడా చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు మెర్సీ ఫోన్ చేసింది. ఆమె నార్కట్‌పల్లిలో ఒక దవాఖానలో నర్సు. మాటల మధ్య బిక్షమ్మ ఈ సంగతి చెప్పేసింది.

"అమ్మా, బూడిద రంగు గోలీలా?"

"అవును. ఏమైంది?"

"గవి విషపు గాలైతయి. కండ్లకు కనబడది. గా గాలి పీల్చి ఒక ఇంటోళ్లంత మా దవాఖానకొచ్చిన్రు, ఇద్దరే మిగిలిన్రు. నువ్వు గా తలుపు తియ్యకు. సారుకు ఇప్పుడే చెప్పు."

బియ్యం గదికీ రెండో తరగతికీ నడుమ గోడలో, పైన జాలీ ఉంది. ఆ గాలి అటు పోతుందని బిక్షమ్మకు అప్పుడు తట్టింది. పెద్దసారు ప్రేమ్‌సాగర్ నంబరు తీసింది, నొక్కలేకపోయింది. చెబితే పని పోతుంది. చెప్పకపోతే? పొద్దు గూకేదాకా ఫోన్ ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చుంది.

సోమవారం తెల్లారగానే వెళ్లి బడి గేటుకు అడ్డంగా నిలబడింది. ఎనిమిది గంటలకు పూజ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చారు.

"ఆగున్రి! లోపలికి పోవద్దు!"

ఆ అరుపుకు పూజ ఏడుపందుకుంది. ముగ్గురినీ రోడ్డవతల పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టి, అప్పుడు నొక్కింది నంబరు.

"సారూ, తప్పు జేసిన. పిల్లలను బడిలకు రానిస్తలేను. మీరు జర జల్ది రండి."

నల్గొండ నుంచి బండి మీద వచ్చిన ప్రేమ్‌సాగర్‌కు దాచకుండా అంతా చెప్పింది.

"నన్నొక్క మాట అడగాలని అనిపియ్యలేదా బిక్షమ్మా?"

"అనిపిచ్చింది సారూ. భయమైంది."

ఆయన వెంటనే వ్యవసాయాధికారి లింగస్వామికి ఫోన్ చేశాడు. పిల్లలందరినీ ఇళ్లకు పంపారు. లింగస్వామి ముఖానికి విషవాయువును ఆపే మాస్కు తొడుక్కుని తలుపులు, కిటికీలు తెరిచి, గోలీల బూడిదతో సహా ఆ గుడ్డను తీసుకుపోయాడు. ఆ బియ్యం మళ్లీ పొయ్యి మీదికి రాలేదు.

ఊళ్లో వారం రోజులు అదే మాట. తీసెయ్యాలన్నవాళ్లు గట్టిగానే అన్నారు. తల్లిదండ్రుల మీటింగులో పూజ తల్లి నిహారిక లేచింది. "ఆమె చెప్పకుంటే మనకెట్ల తెలుస్తుండె? గేటు కాడ ఆపింది నా బిడ్డనే," అంది. బిక్షమ్మ పని నిలబడింది. గది తాళంచెవి మాత్రం సారు దగ్గరికి పోయింది.

ఇప్పుడు నెలకు సరిపడా బియ్యమే తెప్పిస్తున్నారు. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చారు, బస్తాలు చెక్కల మీదికెక్కాయి. పురుగు కనబడితే పట్టా మీద నీడన ఆరబోసి చెరుగుతారు. ఎండలో ఎక్కువసేపుంచితే గింజ విరుగుతుంది. ఇంత చేసినా, గది తలుపు తెరిచిన ప్రతిసారీ బిక్షమ్మ వెంటనే లోపలికి పోదు. గ్లోరీని కూడా పోనివ్వదు. గడప బయటే ఇద్దరూ కాసేపు నిలబడతారు.