వెంకటప్పయ్య సారు తల దించిన చోటు

వెంకటప్పయ్య సారు ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడగా మా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆయన చూపు ఎప్పుడూ మన నెత్తికి ఓ తాటిచెట్టంత పైన ఉంటుంది. "బాగున్నరా సారూ?" అంటే "పడమటి గాలి తిరిగిందయ్యా" అంటాడు. "అన్నం తిన్నరా?" అంటే "సాయంత్రానికి వాన" అంటాడు. బడి తెరిచిన రోజు నుంచి దసరా సెలవుల దాకా ఆయన నోట రోజూ వానే. ఆకాశం కడిగిన పళ్లెంలా మెరుస్తున్నా సరే, వానే.

చంకలో గొడుగు మాత్రం తప్పదు. నిజంగా వాన పడినప్పుడు కూడా దాన్ని విప్పడు. తడిసి ముద్దవుతూ నిలబడతాడు.

"విప్పరాదు సారూ?" అని అడిగాను ఒకసారి.

"విప్పితే ఆకాశం ఎట్ల కనపడతదయ్యా?"

"మరి మోసుడెందుకు?"

"దాని పని దానికుంది" అన్నాడు మబ్బుతో. నాతో కాదు.

పైకి చూస్తూ నడిచే మనిషికి కింద ఏం జరగాలో అదే జరిగేది. బడి ముందున్న మోరీలో ఎన్నిసార్లు పడ్డాడో లెక్కలేదు. పెసర్ల రైతు గోపాలు గేదెను ఓ రోజు ఎదురుగా వెళ్లి గుద్దుకుని, "కొంచెం చూసుకొని నడువమ్మా" అని మందలించి ముందుకు సాగిపోయాడు. గేదె చాలాసేపు అక్కడే నిలబడిపోయిందని గోపాలు చెప్పుకునేవాడు.

ఆయన భార్య సుశీలమ్మగారిది మరో కథ. "పెళ్లిచూపులకొచ్చి నన్ను సూడలే నాయనా. పెంకుల సందుల నుంచి మబ్బును సూసిండు. పిల్ల నచ్చిందా అని మా నాయన అడిగితే, జల్దీ ముహూర్తం పెట్టుకోండి, తుఫాను పట్టేటట్టుంది అన్నడు. ఆ ముహూర్తానికి ఎండ ఎట్ల కాసిందనుకున్నవ్! పందిట్ల ఇద్దరు సొమ్మసిల్లిన్రు."

ఇది ఎనభైల నాటి మాట. అప్పటికి నేను చదువు మధ్యలో ఆపి, ఉద్యోగాలకు దరఖాస్తులు పంపి పంపి ఇంట్లో కూర్చున్నాను. నాకు ఊరి మీద కోపం, దేశం మీద కోపం, పోస్ట్‌మన్ మీద మరీ కోపం. బూర్గంపాడు దాటి ఇంత లోపలికి వచ్చాక పుస్తకాలున్న ఇల్లు సారుది ఒక్కటే. అందుకని రోజూ పోయేవాణ్ణి. పుస్తకం ఇస్తూ కూడా ఆయన కిటికీలోంచి పైకే చూసేవాడు. నేను ఏం అడిగినా ఏదో ఒకటి చేతికి వచ్చేది. చరిత్ర అడిగితే తేనెటీగల పెంపకం వచ్చింది. అదీ చదివాను.

బడిలో ఆయన చెప్పే ఆఖరి పీరియడ్ గదిలో జరగగా నేను చూడలేదు. గంట కొట్టగానే పిల్లలందరినీ బయటికి తోలేవాడు. బడి కప్పు మీద సీసా, దాని మూతికి గ్యాసునూనె పోసే గరాటు. అందులో పడిన వాన నీళ్లను స్కేలు పెట్టి కొలిచేవారు. ఓసారి సీసా కిందికి దించి పెడితే మేక వచ్చి తాగిపోయింది. సారు మబ్బుల వంక చూస్తూనే ఆ మేక దప్పిక ఎంతుంటుందో అంచనా వేసి, ఆ నీళ్లను కూడా లెక్కలో కలిపాడు. వసారాలో రెండు థర్మామీటర్లు వేలాడేవి. ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉండేది.

"సార్, దానికి జరమొచ్చిందా?" అని అడిగింది హేమ్లి. వాగు అవతలి తండా పిల్ల, మాటకు ముందుండే రకం.

"దానికి కాదు బిడ్డా, గాలికి జరం సూస్తున్నం. గాలి పొడిగుంటే గుడ్డ జల్దీ ఆరతది, ఈ థర్మామీటరు సల్లబడతది. గాలిల తడి నిండితే గుడ్డ ఆరదు. రెండూ ఒక్క తీరు సూపిస్తే ఏందన్నట్టు?"

"వాన!" అని అరిచేవారు పిల్లలు. వాళ్లు అన్నింటికీ అదే జవాబు చెప్పేవారు. రెండు ఏడ్లెంత అన్నా వానే అంటున్నారని లెక్కల సారు మొత్తుకునేవాడు.

బెలూన్ సంగతి చెప్పకపోతే సారు చిత్రం పూర్తికాదు. పెద్ద ఊళ్లలో వాతావరణ కేంద్రం వాళ్లు బెలూన్లు వదిలి, అవి పోయే దారిని బట్టి పై గాలి ఎటు వీస్తుందో తెలుసుకుంటారు. దాన్ని పిల్లలకు చూపించాలని నవమికి భద్రాచలం పోయినప్పుడు గ్యాస్ బెలూన్ కొన్నాడు. బస్సులో అది కప్పుకు అంటుకుని కూర్చుంది.

"దీనికి టికెట్ తియ్యాలె సారూ" అన్నాడు కండక్టర్.

"గాలికి టికెట్ ఏందయ్యా?"

"మీ గాలి పది మంది నెత్తుల మీద కూసుంది. సగం టికెట్ కొడత."

సగం టికెట్టుతో దిగిన బెలూన్ మర్నాడు బడి ముందు ఎగిరింది. ఎగిరి, సగం టికెట్టుకు తగ్గట్టు సగం దూరమే పోయి, అడవి వైపు తిరిగింది. పిల్లలు దాని వెంట, సారు పిల్లల వెంట, హెడ్మాస్టరు సారు వెంట. ఆ రోజు బడిలో గంట కొట్టేవాడు కూడా మిగల్లేదు.

ఇక ఊరివాళ్ల సంగతి. మొదట్లో గోపాలు ఆయన మాట నమ్మి, కల్లంలో ఆరబోసిన పెసర్లను రెండుసార్లు ఎత్తి ఇంట్లో పోసుకున్నాడు. రెండుసార్లూ ఎండ పేలిపోయింది. ఆ తర్వాత గోపాలు తెలివి మీరాడు. సారు వాన అన్నాడంటే చాలు, పెసర్లు తెచ్చి కల్లంలో పోసేవాడు. ఊళ్లో ఆడవాళ్లు బొంతలు ఉతికేవారు. "రేడియో తప్పొచ్చు గని మా సారు తప్పుడు తప్పదు" అని గోపాలు మెచ్చుకోలు.

మెచ్చుకున్న నోటితోనే ఆయన బూర్గంపాడు వెళ్లి అధికారులకు ఫిర్యాదు చేసి వచ్చాడు. "మా పోరడు మబ్బుల పేర్లు చెప్తుండు గని ఎక్కాలు చెప్తలేడు" అని. దాంతో ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడన్నారు. ఆఖరి పీరియడ్ బయట తిరుగుతున్నట్టు తేలితే సారుకు బదిలీ ఖాయం, అదీ జిల్లా ఆ చివరన వేంసూరు వైపు అని హెడ్మాస్టరు వణికిపోయాడు.

"ఈ ఒక్కరోజు గదిల కూసోండి సారూ, మీకు దండం పెడత" అన్నాడు.

సారు పైకి చూశాడు. దూరంగా గుట్టల మీద గోబీపువ్వు లాంటి మబ్బు ఒకటి లేస్తోంది. "సాయంత్రానికి వాన" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి ఆఖరి పీరియడ్ వాగు దారి పట్టింది. ఇన్‌స్పెక్టర్, హెడ్మాస్టరు, తమాషా చూద్దామని గోపాలు, పనీపాటా లేని నేను, అందరం ఆ వరసలో కలిశాం.

"ఏమయ్యా మాస్టారూ, ఎక్కడికీ ఊరేగింపు?"

"మబ్బుల పాఠం సార్" అన్నాడు సారు, ఇన్‌స్పెక్టర్ టోపీకి పైన ఎక్కడో చూస్తూ. "హేమ్లీ, సారుకు చెప్పు. ఆ మబ్బు ఏంది?"

"గోబీమబ్బు సార్. దాని నెత్తి సదునయ్యి, కమ్మరి దాగలి లెక్క అయితే ఉరుముతది."

"రేపు వాన ఎక్కడ పడతదో వాతావరణ కేంద్రం వాళ్లకెట్ల తెలుస్తది?" అని మళ్లీ సారే అడిగాడు.

"వాళ్లు ఒక్క ఊరే సూడరు సార్. అన్ని ఊర్ల గాలి, వేడి, తడి కొలుస్తరు. పటం మీద రాస్తరు. మబ్బు నిన్న ఏడుంది, ఇయ్యాల ఏడికొచ్చింది సూసి, రేపు ఏడికి పోతదో చెప్తరు."

"మీ సారు కూడా అలాగే చెప్తాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

హేమ్లి నిజాయితీ గల పిల్ల. "మా సారు రోజూ వానంటడు సార్" అంది.

గోపాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

వాగు చీలమండల లోతున పారుతోంది. ఊరి పిల్లలు ఇవతలి గట్టు మీద కూర్చున్నారు. తండా పిల్లలు, అడవి పల్లెల పిల్లలు చెప్పులు చేతిలో పట్టుకున్నారు. అక్కడ నేను ఎప్పుడూ చూడనిది చూశాను. వెంకటప్పయ్య సారు తల దించాడు. ఆకాశం అనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయినట్టు దించాడు. గొడుగు తిరగేసి పట్టుకుని, నీళ్లలో పొడిచి చూస్తూ, నాచు పట్టిన రాయి ఉంటే పక్కకు తిప్పుతూ, ఒక్కో పిల్ల పాదం ఎక్కడ పడుతుందో చూస్తూ దాటించాడు. గొడుగు కొన ఎందుకు అరిగిపోయి ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ నడకను ఇన్‌స్పెక్టర్ కూడా చూసినట్టున్నాడు. ప్యాంటు మడిచి వాళ్ల వెనకే దిగాడు. నేను ఆయన వెనక. అవతలి గట్టున హేమ్లి తండ్రి కిషన్‌లాల్ నిలబడి ఉన్నాడు.

"మీ పిల్లల్ని బడి విడవకముందే ఎందుకు రప్పించుకుంటున్నారయ్యా?" అని ఇన్‌స్పెక్టర్ అతన్ని నిలదీశాడు.

"నేనే ఒక మాటన్న సాబ్. ఒక్కనాడన్నా నా బిడ్డ వాగు అవుతల చిక్కితే, తెల్లారి నుంచి మేకలకాడికే, బడికి కాదని. అందరం గదే అన్నం. సారు ఒక్కనాడు కూడ చిక్కనియ్యలే."

"వాగు పిల్లలకు గంట ముందు సెలవియ్యమని మొదట అడిగిన సార్" అన్నాడు వెంకటప్పయ్య సారు. అప్పటికే తల మళ్లీ పైకి పోయింది. "రూల్ లేదన్నరు. పాఠం చెప్పొద్దనే రూల్ గూడ లేదు గదా. పాఠం ఈడికొచ్చి అయిపోతది."

"బాగానే ఉంది. కానీ వాన ఏదయ్యా?" అని ఇన్‌స్పెక్టర్ పైకి చూశాడు. మా నెత్తి మీద ఎండ పెళపెళలాడుతోంది.

అప్పుడే మలుపు దగ్గర ఏదో గరగరమంది. చూస్తుండగానే ఎర్రనీళ్లు, వాటి ముందు ఎండుటాకులు, కొమ్మలు, నురగ. చీలమండల లోతు మోకాలైంది, నడుమైంది. ఊళ్లో చుక్క పడలేదు. గుట్టల మీద పడింది. ఊరి వైపు గట్టున పిల్లలు "వానొచ్చింది! వానొచ్చింది!" అని గంతులు వేశారు. వాళ్ల పక్కన గోపాలు పొడి ఆకాశాన్ని, పొంగిన వాగును మార్చి మార్చి చూశాడు.

"సార్! జీపును ఏం చెయ్యమంటరు?" అని హెడ్మాస్టరు ఆ గట్టు నుంచే అరిచాడు.

"దానికి మబ్బుల పాఠం చెప్పు!" అని ఇన్‌స్పెక్టర్ తిరిగి అరిచాడు.

ఆ రాత్రి ఇన్‌స్పెక్టర్, సారు, నేను ముగ్గురం తండాలోనే ఉండిపోయాం. కిషన్‌లాల్ ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. ఇన్‌స్పెక్టర్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ సారుతో, "వాగు వస్తుందని నీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు.

"తెలిస్తే మిమ్మల్ని దాటనిస్తనా సార్? నా లెక్క తప్పేదే ఎక్కువ."

"తప్పుతుందని తెలిసీ రోజూ ఎందుకు చెప్తున్నావు?"

"తప్పితే ఊరు నవ్వుకుంటది. తప్పకుంటే పిల్లలు ఇంట్ల ఉంటరు. నవ్వుకోనియ్యండి సార్."

తెల్లారేసరికి వాగు ఏమీ ఎరగనట్టు పారుతోంది. సారు ముందు గొడుగుతో పొడుస్తూ నడిస్తే, ఇన్‌స్పెక్టర్ ఆయన భుజం పట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా దాటాడు. జీపు ఎక్కుతూ హెడ్మాస్టరుతో, "మబ్బుల పాఠం బయట కాక గదిలో చెప్తారటయ్యా?" అని కసిరాడు. తర్వాత, "మాస్టారూ, ఇవాళ ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

సారు పైకి చూశాడు. నీలంగా, నున్నగా, మచ్చ లేకుండా ఉంది.

"సాయంత్రానికి వాన" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ జీపును తొందరపెట్టాడు. గోపాలు క్షణం ఆలోచించి, పెసర్లు తేవడానికి ఇంటికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం వాన పడలేదు. వాగు కూడా రాలేదు. గోపాలు పెసర్లు గలగలమనేటట్టు ఎండాయి. తండా పిల్లలు పొద్దు ఉండగానే ఇళ్లు చేరారు. వాళ్లను దాటించి, మళ్లీ తలెత్తుకుని తిరిగి వస్తూ సారు గోపాలు గేదెను ఇంకోసారి గుద్దుకున్నాడు.

"నీకెన్నిసార్లు చెప్పాలమ్మా?" అన్నాడు మబ్బుల వంక చూస్తూ.