బోరునీళ్ల డంబెల్స్

చౌటుప్పల్ జిమ్‌లో మొదటిరోజు. కోచ్ అన్నిటికంటే చిన్న డంబెల్స్ నా చేతికిచ్చి, రెండు చేతులూ పక్కలకు చాచి భుజాల ఎత్తుదాకా లేపమన్నాడు. నాకు నాయిన గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు మా ఊరికి ఇంకా నల్లా నీళ్లు రాలేదు. గొర్రెపిల్లల్ని మెడమీద వేసుకుని తిరిగిన నాయినకు, రానురాను చేతులు పైకి లేవడం మానేశాయి. దవాఖానలో చిన్న బరువులు ఎత్తమన్నారట. రెండు ప్లాస్టిక్ సీసాల్లో మా బోరునీళ్లు నింపి, పొద్దున్నే వాకిట్లో నిలబడి ఎత్తేవాడు. ఎత్తినప్పుడల్లా భుజం కటుక్కుమనేది. నాయిన పహిల్వాన్ అవుతున్నాడని నేను చప్పట్లు కొట్టేదాన్ని.

అయిపోయాక ఒక సీసా తను తాగి, రెండోది నాకిచ్చేవాడు.

"గిది తాగితే నాక్కూడ బలమొస్తదా నాయినా?"

"ఎందుకు రాదు బిడ్డా? తాగు."

ఆయన బలమంతా ఆ నీళ్లలోకి దిగిందనుకుని, చుక్క మిగల్చకుండా తాగేదాన్ని. నాయిన కీళ్లను బిగదీసిన ఫ్లోరైడ్ ఆ నీళ్లలోనే ఉందని చాలా ఏళ్లకు తెలిసింది.

"ఇంకింత పైకి లేపు చెల్లె," అన్నాడు కోచ్.

కుడిచెయ్యి లేచింది. ఎడమది సగంలోనే ఆగి, కటుక్కుమంది.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు.