రేకుల షెడ్డులో రాబోయే కాలం

మా మేనమామ టూరింగ్ టాకీసు పెట్టినప్పుడు మా ఇంట్లో ఆయనతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ప్రొద్దుటూరులో మాది పంతుళ్ళ ఇల్లు. నాయన హైస్కూల్లో తెలుగు పండితుడు. సెలవురోజుల్లో పౌరోహిత్యం కూడా చేసేవాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడైన మామ చదువు మధ్యలో వదిలేసి, గుడారమూ ఆయిలింజనూ పాత ప్రొజెక్టరూ సంపాదించి ఊరూరా సినిమాలు ఆడించేవాడు. ఆయన వస్తే అమ్మ దొడ్డివాకిట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టి పంపేది. నాయనకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

ఆ వేసవికి నా టీచరు ట్రైనింగు పూర్తయింది. పోస్టింగు ఆర్డరు రావాలి. వీరపునాయునిపల్లెలో ఒక సంబంధం కూడా చూసి ఉన్నారు. వాళ్ళు పిల్ల నచ్చిందనీ అనలేదు, నచ్చలేదనీ అనలేదు. రెండు వైపుల నుంచీ ఏ కబురూ లేదు. నాకు ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. పోస్టుమాను సైకిలు బెల్లు వినపడితే వీధిలోకి పరుగెత్తేదాన్ని. పుస్తకం పట్టుకుంటే చదివిన పేజీనే మళ్ళీ చదివేదాన్ని. చెరిగిన బియ్యాన్నే మళ్ళీ చెరిగేదాన్ని. "కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు. యాడన్నా ఒక తావున కూలబడు," అని అమ్మ విసుక్కునేది.

అట్లాంటి రోజుల్లో మామ వచ్చాడు. బళ్ళారి నుంచి ఒక ఇంగ్లీషు సినిమా తెచ్చానన్నాడు. ఇంగ్లీషు సినిమా ఆడేటప్పుడు ప్రొజెక్టరు కేబిన్లో ఒక మనిషి మైకు పట్టుకుని కూర్చుని, కథ ఎక్కడికక్కడ తెలుగులో చెప్పాలి. లేకపోతే జనం కూర్చోరు. ఆ పని చేసే మనిషి ఏదో నాటకం కంపెనీలో చేరి వెళ్ళిపోయాడు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు మామకు నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు. సినిమా రాబోయే కాలం గురించీ, విజ్ఞానం గురించీ అని నాయనకు చెప్పాడు. నాయన చాలాసేపు ఉత్తరీయం సర్దుకున్నాడు. చివరికి, పిల్ల ఎవరి కంటా పడకూడదు అని ఒక్క షరతు పెట్టి, లేచి స్నానానికి వెళ్ళిపోయాడు. ఎట్లా ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంట్లో నా తిరుగుడు ఆయన కూడా భరించలేకపోయాడేమో.

ఊరి బయట గుడారం దగ్గరికి వెళ్ళాక పోస్టరు చూశాను. చిరిగిన గుడ్డలతో ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక తుపాకులు పట్టిన మగవాళ్ళు, ఆ వెనక కాలిపోయిన పట్నం. కింద మామ తెలుగులో 'రాబోయే కాలపు రాక్షసులు' అని రాయించాడు. నేను ఆగిపోయేసరికి ఆయన తల దించుకుని, "ఆ బొమ్మ వాళ్ళు పంపించిందేలే అమ్మీ. సినిమాలో అంత లేదు," అన్నాడు.

నిజంగానే అంత లేదు. ఏదో మహాయుద్ధం తర్వాత లోకమంతా ఎడారి అయిపోతుంది. వానలు రావు. ఒకే ఒక కోటలో బావి ఉంటుంది. ఇనుప ముసుగు వేసుకున్న దొర ఒకడు దాన్ని పట్టుకుని, వెట్టి చేసినవాళ్ళకే నీళ్ళు పోస్తాడు. వయసులో ఉన్న ఆడవాళ్ళను కోటలోకి లాక్కుపోతారు. అట్లా చిక్కిన ఒక ఆమె జబ్బుపడ్డ బిడ్డను ఆ కోటలోనే ఒక ముసలిదాని చేతిలో పెట్టి, నీళ్ళుండే ఇంకో చోటు వెతకడానికి కొండల్లోకి పారిపోతుంది. ఇదీ కథ. తీసినవాళ్ళ దగ్గర పెద్దగా ఏమీ ఉన్నట్టు లేదు. అట్ట గోడలు, ఒక మోటారు సైకిలు, వెండిరంగు పూసిన చెంబుల్లాంటి టోపీలు. తలుపు మూస్తే కోటంతా ఊగేది. మోటారు సైకిలు ఒకటే, ఎక్కే మనుషులు మాత్రం మారేవాళ్ళు.

ప్రొద్దుటూరులో పోస్టరు చూసి వచ్చిన మగవాళ్ళతో గుడారం నిండింది. మైకులో ఆడగొంతు వినపడగానే ఈలలు మొదలయ్యాయి. ఆడవాళ్ళ సీన్లు వచ్చినప్పుడు రెండు మాటలు రంజుగా చెప్పమని మామ ముందే అడిగాడు. నాకు నోరు రాలేదు. భయానికి బళ్ళో పాఠం చెప్పినట్టు, "ఓ వనితా, నీవు ఎచటికి పోవుచున్నావు?" అన్నాను. గుడారం గుడారమంతా నవ్వింది. నవ్వు ఆగేలోపు కథ ఎక్కడికో వెళ్ళిపోయింది, నేను దాన్ని అందుకోలేకపోయాను. బయటికొచ్చిన వాళ్ళు పోస్టరులో ఉన్నదీ లేదు, చెప్పేదీ అర్థం కాలేదని మామను తిట్టారు. మామ మర్నాడు గుడారం పీకి, బండ్ల మీద జమ్మలమడుగుకు తీసుకుపోయాడు. నేను ఇంటికి వెళ్ళిపోతానని అనలేదు. ఇంట్లో మళ్ళీ ఆ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం కన్నా ఈలలే నయమనిపించింది.

జమ్మలమడుగులో పెన్న ఎండి పడి ఉంది. గుడారానికి నడిచి వచ్చేటప్పుడు ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వి, టెంకాయ చిప్పతో నీళ్ళు తోడి బిందెల్లో పోసుకోవడం కనిపించేది. ఒక చిప్పెడు తోడితే, మళ్ళీ ఊరేదాకా కూర్చునేవాళ్ళు. వాళ్ళను దాటుకుని వచ్చి కేబిన్లో కూర్చుని, లోకంలో నీళ్ళు లేకుండా పోయే కాలం వస్తుందని మైకులో చెప్పడం నాకే ఎట్లాగో ఉండేది.

అక్కడి మొదటి ఆటలో, తెర మీద ఆమె పరుగెత్తుతూ జారి పడింది. చీకట్లో ఎవడో ఒక కూత కూశాడు. నలుగురు దానికి మాట కలిపారు. నాకు ఒళ్ళు మండింది.

"అరిసేది ఆపితే ఆయమ్మ ఏం జేస్తాదో చెప్తా. లేదంటే మీరే చెప్పుకోండి, నేను ఇంటికి పోతా," అన్నాను మైకులో.

వెనక నుంచి ఒక ముసలాయన, "చెప్పు తల్లీ, వాళ్ళట్లనే అరుస్తారు," అన్నాడు. అంతే, ఆ తర్వాత పుస్తకం మాట నా నోట రాలేదు. ఆ దొర మా వీధిలో వాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడాడు, ఆమె మా అమ్మ తిట్టినట్టే తిట్టింది. అట్ట గోడలు ఊగినా ఎవరూ నవ్వలేదు. మరుసటి రోజు ఆటకు చూసినవాళ్ళే మళ్ళీ వచ్చారు, తోడు పొరుగువాళ్ళను తెచ్చారు. ఆట అయ్యాక ఒక రైతు మామను పక్కకు పిలిచి, ఆ కోటలో బాయి ఏ జిల్లాలో ఉండాదని అడిగాడట.

నేను కథ చెప్తున్న సంగతి మాకంటే ముందే పులివెందులకు చేరింది. అక్కడ గుడారం కాకుండా ఒక రేకుల షెడ్డు దొరికింది. పెద్ద రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళు, మాకూ ఆ కథ వినాలని ఉందని కబురు పంపారు. మామ మధ్యాహ్నం ఆడవాళ్ళకు మాత్రమే ఒక ఆట పెట్టాడు. కిటికీలకు గోనెపట్టలు కట్టించాడు, గోడ మీద పోస్టరు తీయించాడు. సింహాద్రిపురం వైపు నుంచి కూడా బండ్లు వచ్చాయి. చంటిపిల్లలతో, నీళ్ళ చెంబులతో, వక్కాకు సంచులతో వచ్చి నేలంతా కూర్చున్నారు. రేకుల కింద ఎండకు ఒళ్ళు ఉడికిపోతోంది. అయినా ఒక్కరూ లేవలేదు.

ఆఖరి రీలులో దాహంతో పడిపోయిన ఆమె కొండ మీద నుంచి కిందికి చూస్తుంది. అక్కడ రీలు ఇరుక్కుని బొమ్మ ఆగిపోయింది. తెర మీద ఆమె ముఖం మధ్యలో ఒక గోధుమరంగు మచ్చ లేచి, పెద్దదై, ముఖాన్నంతా తినేసింది. ఆపరేటరు ప్రొజెక్టరు దీపం ఆర్పాడు. మంట లేదు కానీ కాలిన వాసన వచ్చింది. ఆ కంగారులో ఇంజను కూడా ఆగిపోయింది. మైకు మూగబోయింది. మగవాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి మామ వాకిలి బయటే నిలబడి, ఏమైంది, ఏమైందని అడుగుతున్నాడు.

గోనెపట్టలు తీసేశారు. వెలుతురు వచ్చింది. వాళ్ళు లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. ఆపరేటరు నావైపు చూశాడు. నాయన పెట్టిన షరతు గుర్తుంది. అయినా కేబిన్ తలుపు తీసుకుని బయటికి వచ్చాను.

ముందు వరసలో ఒక పెద్దామె కూర్చుని ఉంది. ఆమె కాలు చాపుకుంటే పక్కవాళ్ళు జరిగి చోటిస్తున్నారు. పెద్దింటి మనిషని తెలుస్తూనే ఉంది. తర్వాత ఏమాయ అని ఆమె అడిగింది. ఉన్నదే చెప్పాను. ఒకాయన మోటారు సైకిలు మీద వస్తాడు, దొరను కాల్చి చంపుతాడు, ఆమెను ఎక్కించుకుని పోతాడు, అక్కడితో అయిపోయిందన్నాను.

"మరి బిడ్డి?" అంది పెద్దామె.

మొదట్లో ముసలిదాని చేతిలో పెట్టిన బిడ్డ ఆ తర్వాత సినిమాలో ఎక్కడా లేదు. తీసినవాళ్ళు మరిచిపోయారు. అదే ఉన్న మాట చెప్పాను.

"మర్సిపోతారా? బిడ్డిని ఆడ ఇడ్సిపెట్టి మోటారు సైకిలు ఎక్కుతాదా ఆయమ్మ? నీళ్ళ కోసరం అంత దూరం పోయింది దేనికి మరి?"

షెడ్డంతా మాటలు లేచాయి. బిడ్డ చచ్చిపోయి ఉంటుందని ఒకామె అంది. ముసలిది సాకి ఉంటుందని ఇంకొకామె. చంటిపిల్లను ఒళ్ళో వేసుకున్న ఒక చిన్నామె మాత్రం నన్నే చూస్తోంది. పెద్దామె చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"నువ్వు చెప్పేదాంట్లో బిడ్డి సచ్చిందని లేదు కదా. అయితే వెనక్కి పోయిందని చెప్పు. ఇని పోతాం."

చెప్పాను. ఆమె మోటారు సైకిలు ఆపించి దిగిందన్నాను. ఆయన రానంటే ఒక్కతే నడిచిందన్నాను. దొర పోయినా కోట తలుపు దగ్గర తుపాకులవాళ్ళు ఇంకా ఉన్నారనీ, వాళ్ళతో ఆమె ఏమందో, వాళ్ళు ఏమన్నారో, ముసలిది బిడ్డను ఎక్కడ దాచిందో చెప్పాను. ముందుగా ఏమీ అనుకోలేదు. ఒక మాట అంటే ఇంకో మాట వచ్చింది. బిడ్డ పెదవులు తడిపేదాకా చెప్పి ఆగాను. చిన్నామె కొంగుతో ముఖం తుడుచుకుంది. పెద్దామె సంచిలో నుంచి వక్కాకు తీసి నా చేతిలో పెట్టి, పనివాళ్ళను పేరుపెట్టి పిలుచుకుంటూ బండి వైపు వెళ్ళిపోయింది.

ఆ ఆటకు వీరపునాయునిపల్లె పెళ్ళికొడుకు మేనత్త కూడా వచ్చి ఉందట. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఆమెకు నేనే కాఫీ ఇచ్చాను. సినిమా గుడారాల్లో నలుగురి ముందు నిలబడి అరిచే పిల్ల మాకొద్దని వారంలోగా కబురు వచ్చింది. నాయన మనిషిని పంపి నన్ను ఇంటికి పిలిపించాడు. మిగతా ఆటలకు మామే మైకు పట్టుకున్నాడు. బొమ్మ అయిపోయినా జనం లేవకుండా, బిడ్డ కథ చెప్పమని కూర్చున్నారట. ఆయనకు వచ్చినట్టు చెప్పాడట.

ఇంట్లో కొన్నాళ్ళు నాయన నాతో మాట్లాడలేదు. సంబంధం పోయినందుకు అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ కాలేదు. షెడ్డులో నోట్లో నుంచి వచ్చిన ఆ మాటలు ఇంకా అయిపోనట్టుండేది. వంటింట్లో గిన్నెలు తోముతూ ఆ కోట తలుపు దగ్గరి మాటలే మళ్ళీ మళ్ళీ అనుకునేదాన్ని. ఒక సాయంత్రం నాయన అరుగు మీద కూర్చుని, ఇంతకీ ఏముందే ఆ కథలో, అని అడిగాడు. మొదటి నుంచీ చెప్పాను. బిడ్డ సంగతి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు.

"మా జేజి చెప్పేది," అని వాళ్ళ నాయనమ్మను తలుచుకున్నాడు. "వెనకటి ధాత కరువులో గంజి పోసేకాడ బిడ్డలను ఇడ్సిపెట్టి పోయినారంట శానామంది. ఇది రాబోయే కాలం కాదే అమ్మీ."

వాళ్ళు మళ్ళీ వచ్చారా అని అడిగాను. కొందరు వచ్చారట, కొందరు రాలేదట. సంధ్యావందనానికి వేళ అవుతోందని లేచాడు. తర్వాత మామ ఇంటికి వచ్చినప్పుడు నాయన ఆయన్ను ముందువాకిట్లోనే పలకరించాడు. ఎప్పుడూ సినిమా మాట ఎత్తలేదు.

పోస్టింగు ఆర్డరు వర్షాలకు ముందు వచ్చింది. చక్రాయపేట దగ్గర ఒక ఎలిమెంటరీ బడి. సామాను సర్దుకోవడానికి నాకు ఒక పూట కూడా పట్టలేదు. అమ్మ నాతో వచ్చి బియ్యం, పచ్చళ్ళు సర్దిపెట్టి, నాలుగు రోజులుండి వెళ్ళింది. ఆమె బస్సు కనుమరుగయ్యాక బడికి తిరిగి వచ్చేసరికి పిల్లలు నేల మీద కూర్చుని ఉన్నారు. కొత్త టీచరు ఏం చెప్తుందోనని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నిలబడే కథ మొదలుపెట్టాను.