రుమాలు ఊపిన రోజు

తెడ్డు దెబ్బకు నర్సయ్య కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. కొట్టినవాడు పరాయివాడు కాదు, నలభై ఏళ్లుగా ఆయనతో కలిసి వల లాగిన ఇస్తారి. నర్సయ్య కూతురు రోజారాణి పది అడుగుల దూరంలో కట్ట మీద నిలబడి ఉంది. ఆ చెయ్యి విరగడానికి కారణం తానేనని ఆ పిల్లకూ, చెయ్యి పట్టుకుని బురదలో కూలబడ్డ తండ్రికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

రోజారాణి మేడ్చల్‌లో బీఏ ఎకనామిక్స్ చదువుతోంది. మూడో ఏడాదికి పోయే ముందు ఒక స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. బ్యాంకింగ్ కావాలంటే ఫారంలో టిక్కు పెడితే చాలు. సహజ వనరుల ఆర్థికశాస్త్రం కావాలంటే మాత్రం సొంతంగా చూసి రాసిన నివేదిక, వీడియోతో సహా హేమచంద్ సారుకు ఇవ్వాలి. గడువు సోమవారం. ఇంట్లో అన్న కుమార్ ఎప్పుడో తీర్పు చెప్పేశాడు. "బ్యాంకుల ఫ్యాను కింద కూసో. మా లెక్క బురదల బతుకకు."

కానీ ఈ పిల్లకు పట్టుదల పాలు ఎక్కువ. అందరిదీ అయిన సొత్తు ఎవరికీ మిగలదనీ, కంచె వేసినవాడే దాన్ని కాపాడతాడనీ సారు క్లాసులో చెప్పిన రోజున లేచి నిలబడింది.

"మా చెరువు మిగిలింది సార్," అంది.

"అయితే రాసి చూపించు," అన్నాడాయన.

రాయడానికి సరుకుంది మరి. శామీర్‌పేట అవతల ఉన్న వాళ్ల ఊరి చెరువులో వేసవికి నీళ్లు తగ్గాక మత్స్యకారుల సొసైటీ వాళ్లు రెండు రోజులు వల లాగి, చేపలు వాటాలు వేసుకుంటారు. ఆ తర్వాత మిగిలినవి వచ్చినవాళ్లందరివీ. దాన్ని లూటీ అంటారు. పేరుకే లూటీ గాని దానికున్న కట్టుబాటు పెళ్లి తంతుకు కూడా లేదు. సొసైటీలో పెద్దవాడైన నర్సయ్య తల మీది ఎర్ర రుమాలు విప్పి మూడుసార్లు గాలిలో ఊపేదాకా ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. దూరాన ఉన్న అత్వెల్లి నుంచి వచ్చినవాడైనా సరే, చేపలు పట్టడానికి తెచ్చుకున్న దోమతెర చంకన పెట్టుకుని కట్ట మీద కూర్చోవలసిందే.

వల లాగే రెండో రోజు, శనివారం పొద్దున పదింటికి సగం చెరువైనా లాగలేదు. నర్సయ్య తూము గట్టు మీద నిలబడి వలవాళ్లను అదిలిస్తున్నాడు. రోజారాణి ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"నాయినా, ఒక్కసారి రుమాలు ఊపు. వీడియో తీసుకుంట. లూటీ షురూ అయితే గా మందిల నువ్వు కనబడవు."

బిడ్డ చదువంటే నర్సయ్యకు ఒళ్లు తెలియదు. నవ్వుతూ రుమాలు విప్పాడు. ఒకటి, రెండు, మూడు. చదువుకున్న పిల్లకూ, చెరువు మీదే పుట్టి పెరిగిన మనిషికీ, ఇద్దరికీ ఆ నిమిషాన బుద్ధి ఏ గట్టు ఎక్కి కూర్చుందో తెలియదు.

కట్ట మీది మూడు వందల మంది ఒక్క ఊపున లేచారు. వలను తొక్కుకుంటూ నీళ్లలోకి దూకారు. సొసైటీ వాళ్లు ముందు అరిచారు, తర్వాత తెడ్లు అందుకున్నారు. కుమార్ ఒకడి జుట్టు పట్టి ముఖం బురదలో అదిమాడు. వాడు కాళ్లు కొట్టుకుంటుంటే వాడి మనిషి వెనకనుంచి వచ్చి రాయితో కుమార్ తల మీద మోదాడు. చేప లాక్కోబోయినవాడి వేళ్లు ఒక ఆడమనిషి కొరికింది, వాడు ఆమెను కడుపులో తన్నాడు. ఎవరో కత్తి తీసి వలను నిలువునా కోసేశారు. రోజారాణి గొంతు చించుకుని అరిచింది. ఆమె అరుపు ఎవరికి కావాలి?

"ఎవనికి అమ్ముడువోయినవ్‌ర నర్సిగా," అంటూ ఇస్తారి తెడ్డు ఎత్తింది అప్పుడే.

సాయంత్రానికి కుమార్ తలకు పదకొండు కుట్లు, నర్సయ్య చేతికి పిండికట్టు పడ్డాయి. ఆసుపత్రి బెంచీ మీద నర్సయ్య కూతురి చెవిలో చెప్పాడు.

"చెమట తుడుసుకునుడుల రుమాలు ఊగిందని చెప్పిన. గా వీడియో ఫోన్లకెల్లి తీసెయ్ బిడ్డా. బ్యాంకుదే రాయి. ఎవలకు తెల్వది."

నిజమే. బ్యాంకింగ్ అంటే నివేదిక అక్కరలేదు, వీడియో అక్కరలేదు. కాని ఆదివారం సొసైటీ కూర్చుంటోంది. నర్సయ్య పేరు కొట్టేస్తే ఆయన ఇక ఆ నీళ్లలో వల వేయకూడదు. రోజారాణికి భయమేసింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

ఆదివారం పొద్దున సొసైటీ గది ముందు ఇస్తారి, "తీర్మానం రాయుండ్రి," అన్నాడు. రోజారాణి మగవాళ్ల మధ్యలోకి నడిచి ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టింది.

"గిది సూడు పెద్దబాపు."

ఒక్కసారి రుమాలు ఊపు నాయినా అనే ఆమె గొంతు అందరికీ వినబడింది. నర్సయ్య నవ్వు, తర్వాత కేకలు. ఇస్తారి రెండుసార్లు చూశాడు.

కుమార్ చూడనే లేదు, విన్నాడు. వచ్చి చెల్లెలిని చెంప మీద బలంగా కొట్టాడు. పెదవి పగిలింది. ఫోన్ లాక్కుని గడప రాయి మీద ముక్కలయ్యేదాకా బాదాడు. ఒక్కరూ ఆపలేదు.

ఇస్తారి తెడ్డు తెచ్చి నర్సయ్య ఎడమచేతిలో పెట్టి, తన చెయ్యి గడప మీద చాపాడు. "కొట్టు," అన్నాడు.

నర్సయ్య తెడ్డును గోడకు ఆనించాడు. "కోసిన వల కుట్టాలె. నీ చెయ్యి గూడ పోతే ఎవలు కుడుతరు?"

నర్సయ్య పేరు ఉంచారు. ఎర్ర రుమాలు మాత్రం ఇస్తారి తలకు మార్చారు. ఆ పని చేస్తున్నంతసేపూ నర్సయ్య నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. కూతురికి చెంపదెబ్బ కంటే అదే ఎక్కువ నొప్పి.

సోమవారం హేమచంద్ సారు నాలుగు కాగితాలు తిరగేసి చూశాడు.

"వీడియో ఏదమ్మా?"

"పగిలింది సార్."

"అది లేకుంటే ఎట్ల నమ్మాలె? బ్యాంకింగ్‌లో సీట్లున్నయి, అది తీసుకో."

"మొదటి వాక్యం చదవండి సార్."

ఆయన చదివాడు. మా చెరువు కట్టుబాటు నలభై ఏళ్లలో ఒక్కసారే తప్పింది, తప్పించింది నేను, అని ఉంది. ఆయన తలెత్తి ఆమె వాచిన పెదవి చూశాడు. ఫారంలో సహజ వనరుల గడి మీద వేలు పెట్టి, తన పెన్ను ఇచ్చాడు.