గుండె రాకముందే

పరిశోధనకు సీటు వచ్చిందని చెప్పిన రోజు మా ఇంట్లో బిర్యానీ వండారు. అంశమేమిటో చెప్పిన రోజు నాన్న లేచి ఆటో తుడవడానికి బయటికి వెళ్ళాడు, అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. చూలు నిలిచిన తొలి రోజుల్లో పంది గర్భసంచిలో ఏ జన్యువులు మేల్కొంటాయో, ఏవి నిద్రపోతాయో చూడటం నా పని. మాది పరకాలలో ముస్లిం కుటుంబం. అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది.

"వేరే జీవం దొరకలేదా బిడ్డా?" అని చివరికి అమ్మ అడిగింది.

"మా మేడమ్ దగ్గరున్న పని అదే అమ్మా."

"మేకలు లేవా?"

"ఉన్నయి. వేరేటోళ్ళకు ఇచ్చిన్రు."

"సరే తియ్యి. సదువు సదువే. ఇంటికొచ్చినంక జర బయటి నల్లా కాడ కడుక్కొని లోపలికి రా."

మర్నాడు నల్లా దగ్గర నాకోసం వేరే సబ్బు, తువ్వాలు కనిపించాయి. కోపంతో పెట్టినవి కావు. నాకిష్టమైన గంధం సబ్బే తెచ్చింది.

ధర్మసాగర్ అవతల పందులను పెంచే ఒక పెద్దమ్మ మాకు సాయం చేసేది. ఏ పంది ఎప్పుడు ఎదకు వచ్చిందో, ఎప్పుడు మగపందితో దాటించారో ఆమె చెబితేనే మా పని మొదలయ్యేది. మొదటిరోజు నా తలమీది స్కార్ఫు చూసి, స్టూలు దూరంగా వేసి, "ఆడ్నే కూసో బిడ్డా, మీకు పడదుగద" అంది. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆమె నవ్వి, తల్లిపంది చెవి వెనక గీరుతూ దాని కథ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ మందలోని ఒక పందిని కోతకు పంపినరోజు దాని మాంసం దుకాణానికి వెళ్ళింది, గర్భసంచి మా ల్యాబుకు వచ్చింది. దాటించి ఇంకా రెండు వారాలు కాలేదు. పంది గర్భసంచికి రెండు పొడవాటి పాయలుంటాయి, వాటిని కొమ్ములంటారు. గొట్టంలాంటి ఒక కొమ్ములోకి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు ఎక్కించి, రెండో చివర గాజుపళ్ళెంలోకి వదిలాను. నీళ్ళతోపాటు తెల్లటి పోగులేవో జారిపడ్డాయి. జిగురేమో అనుకుని పక్కకు నెట్టబోయాను.

"ఆగు, చిక్కుపడనియ్యకు. అవి పిండాలు," అంది మేడమ్.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. పుస్తకంలో చదివిందే. కొద్దిరోజుల కిందట శనగగింజంత బుడగ, ఇప్పుడు మూరెడు పోగు. చదవడం వేరు, కళ్ళముందు అది నీళ్ళలో మెల్లగా విచ్చుకోవడం వేరు. దానికి గుండె లేదు, కన్ను లేదు. తల్లి గర్భసంచి గోడకు ఇంకా అతుక్కోనేలేదు. అయినా కాస్తంత హార్మోను వదిలి, తాను వచ్చినట్టు కబురు పంపేసింది. ఆ సాయంత్రం హనుమకొండలో బస్సెక్కి, పరకాల వచ్చేదాకా ఫోనులో తీసుకున్న వాటి ఫొటోనే చూస్తూ కూర్చున్నాను.

ఆ కబురు అందుకుని గర్భసంచి ఏం చేసిందో కొన్ని నెలల తర్వాత కంప్యూటర్ తెరమీద చూశాను. చూలు లేని పందిలోనూ, చూలు నిలిచిన పందిలోనూ ఉన్నవి అవే జన్యువులు. కానీ చూలు నిలిచినచోట వందలకొద్దీ జన్యువుల తీరు మారిపోయింది. కొన్ని ఆహారం సిద్ధం చేస్తున్నాయి, కొన్ని గోడను అతుక్కోవడానికి వీలుగా మారుస్తున్నాయి. సగం తండ్రి పోలికతో వచ్చిన ఆ పరాయి జీవిని తరిమేయకుండా రోగనిరోధక కణాలను అదుపులో పెట్టేవి మరికొన్ని. ఏ జన్యువు ఎంత మేల్కొందో రంగుల్లో చూపే ఆ పటాన్ని చూస్తూ చల్లారిపోయిన టీ తాగాను.

ఆ ఆదివారం ఫోనులో పిండాల ఫొటో అమ్మకు చూపించాను. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని చూసింది.

"ఉడికిన సేమ్యా లెక్కున్నది. ఏందిది?"

"పంది పిల్లలమ్మా. ఇంకా గుండె గూడ రాలే."

"మరి తల్లికి ఎర్కనా?"

"దానికేం ఎర్క లేదు. తినుకుంట తిరుగుతాంటది. గర్భసంచికి ఎర్క."

అమ్మ ఫోను దించలేదు. "మనకు గూడ గిట్లనేనా?"

"మన పిండం పంపే కబురు వేరే తీరు. కానీ మనకు తెల్వకముందే లోపల మాట్లాడుకునుడు మటుకు ఉంటది."

"నువ్వు కడుపుల పడ్డ దినాలల్ల నేను పత్తి ఏరవోయిన. నడుము నొస్తాందనుకున్న, అంతే. అప్పటికే నువ్వు చెప్పినవన్నట్టు."

"చెప్పే ఉంట."

"నేను ఇనలే," అంది అమ్మ మెల్లగా. "లోపల ఇన్నది," అని తనే అనుకుంది.

నాన్న అన్నానికి వస్తే ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఇన్ని పిండాలు ఒకదానిమీద ఒకటి పడకుండా, రెండు కొమ్ముల్లోనూ ఎడంగా సర్దుకుంటాయని నేను చెప్పాను. ఆయన ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు.

"దేనికి ఎంత జాగనో ఎవరు చెప్తాండ్రు వాటికి?"

"తెల్వదు నాన్నా. గర్భసంచి కదలికలతోని కొంత జరుగుతదంటరు. మొత్తం ఎవరికీ తెల్వదు."

"కనుక్కో మరి," అన్నాడు నాన్న, కంచం ముందుకు లాక్కుంటూ.