కత్తెర బాబాయి కుట్టిన ఎడమ అంచు

కత్తెర బాబాయికి ఉన్న ఏకైక గుణం పాత బట్టను పాతగా ఉండనివ్వకపోవడం. ఆ గుణానికి ఉన్న ఏకైక దోషం, ఆయన కుట్టిన ప్రతిదానికీ ఎడమ అంచు కుడి అంచుకంటే రెండు వేళ్ళు పైకి ఉండటం.

వసంతం రాగానే కవులకు కోకిల వినబడుతుంది. ఆయన వదినగారికి మాత్రం కత్తెర వినబడేది. చెట్లన్నీ పండుటాకులు రాల్చి లేజిగుళ్ళు తొడుక్కుంటూ ఉంటే, మనిషి నిరుటి చొక్కాతో తిరగడం ప్రకృతికి అవమానమని బాబాయి సిద్ధాంతం. చలి తగ్గి కిటికీలు తెరిచిన మొదటి ఉదయాన ఆయన బీరువా ముందుకు వచ్చి నిలబడేవాడు. లేడి ముందు పులి నిలబడటం అంతకంటే దయగా ఉంటుంది.

"వదినా, ఈ దుప్పటి మీద నీకేమైనా మమకారం ఉందా?"

"ఉందయ్యా. నిన్న కప్పుకున్నాను."

"అయితే చాలు. దాని రుణం తీరిపోయింది."

మధ్యాహ్నానికి ఆ దుప్పటి సంచీగా, దిండు గలేబుగా, గుమ్మానికి వేలాడే గుడ్డపువ్వుల దండగా అవతారాలెత్తేది. సంచీకి ఎడమ అంచు రెండు వేళ్ళు పైకి. గలేబుకూ అంతే. దండ గుండ్రంగా ఉండటంచేత, ఎడమ ఏదో తెలియక, అదొక్కటీ బతికిపోయింది.

వింతల్లో వింత ఏమంటే, ఆయన జీవితమంతా భూముల కొలతల కార్యాలయంలో పటాలు గీసిన మనిషి. కొలబద్ద లేకుండా ఆయన గీసిన గీతను చూస్తే కొలబద్దే తలవంచుకునేది. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట వీధివైపు గదిలో ఉండేవాడు. ఆ గదిలో మంచం కంటే కుట్టుమిషనుకే ఎక్కువ చోటు.

"గీత అంత సూటిగా గీస్తావే, కుట్టెందుకయ్యా ఇలా తగలడుతుంది?" అని వదినగారు అడగని వసంతం లేదు.

"కాగితం చచ్చింది వదినా, కదలదు. గుడ్డకు ప్రాణం ఉంటుంది. దాని మనసు దానిది" అనేవాడు ఆయన. "అయినా ఆ గోడమీది పటంలో వేణువూదే స్వామిని చూడు. తిన్నగా నిలబడ్డాడా? మెడ ఓ పక్క, నడుము ఓ పక్క, కాలు ఇంకో పక్క. రోజూ దణ్ణం పెడుతున్నావుగా! నా చొక్కాకి ఉన్న ఒక్క వంకర నీ కంట్లో నలుసైందేం?"

భగవంతుణ్ణే సాక్ష్యానికి పిలుచుకున్నవాడితో వాదించడం ఎలాగో ఆ ఇల్లాలికి తెలిసేది కాదు. నుదురు కొట్టుకుని వంటింట్లోకి పోయేది.

ఆ ఇంట ఎక్కువ అవస్థపడినవాడు ఆమె భర్త, ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. ఒక ఏడు బాబాయి అన్నగారి తెల్లచొక్కా కాలరు విప్పి, తిరగేసి కుట్టి, మరకలు కనబడకుండా బీట్‌రూటు రసంలో ముంచాడు. రంగు దివ్యంగా వచ్చింది. మాస్టారు బడికి బయలుదేరాక వాన కూడా దివ్యంగానే వచ్చింది. ఆయన బడిలో అడుగుపెట్టేసరికి మెడ, చేతులు, హాజరుపట్టీ ఎర్రగా కారుతున్నాయి.

ప్రధానోపాధ్యాయుడు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో, ఎవరండీ మిమ్మల్నిలా చేసింది?"

"మా తమ్ముడండీ" అన్నాడు మాస్టారు, ఉన్నమాట.

సాయంత్రానికల్లా ఆస్తి తగాదాలో తమ్ముడు అన్నను నరికాడని ఊరంతా పాకింది. పరామర్శకు వచ్చినవాళ్ళకు కాఫీ కాచి పోయలేక వదినగారి చేతులు పడిపోయాయి.

మరొకనాడు సమాంతర రేఖల పాఠం జరుగుతుంటే వెనుక బల్ల నుంచి ఒక గొంతు వినబడింది. "సార్, మీ చొక్కా అంచులు ఎంత దూరం పోతే కలుస్తాయి సార్?" తరగతి గొల్లుమంది. మాస్టారూ నవ్వాడు. ఇంటికి వచ్చి, ఆ మాట చెప్పి మళ్ళీ నవ్వాడు. ఇల్లాలు మాత్రం నవ్వలేదు. పదిమందిలో నిలబడి బతికే మనిషిని చూసి ఆ పదిమందీ నవ్వడం ఆమెకు ముల్లై గుచ్చుకుంది.

చివరకు ఇంటి గోడే ఒరిగిందని ఆమెకు అనుమానం వచ్చింది. తాపీమేస్త్రిని పిలిపించింది. అతడు గుండు కట్టిన దారం వేలాడదీసి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు.

"గోడ బంగారంలా ఉందమ్మా. కిటికీ తెరలే వంకర. ఇంకొన్నాళ్ళు ఇవి చూస్తూ కూర్చుంటే మీ మెడ కూడా అటే పోతుంది."

ఆనాటితో ఆమె ఆశలన్నీ అడుగంటాయి. కష్టాలు తీరడానికి కాలమనేది ఒకటుంటుందని పెద్దలంటారు. ఏటేటా తప్పకుండా వచ్చే వసంతమే కష్టమైతే ఇక ఏ కాలం కోసం ఎదురుచూడాలి?

ఒక్క అమ్మాయి విషయంలో మాత్రం విచిత్రం జరిగేది. మాస్టారి ఏకైక కుమార్తె అయిన ఆ పిల్లకు బాబాయి కుట్టిన గౌను తీగ మీద ఆరేస్తే అందరి బట్టల్లాగే వంకర. ఒంటిమీద వేసుకుంటే కొలిచి పోసినట్టుండేది. "దాని అదృష్టం" అనుకునేది తల్లి. మిగిలిన వాళ్ళకు ఆ మాత్రం అదృష్టం లేనందుకు నిట్టూర్చేది.

ఆ అమ్మాయి పెరిగి, చదువు ముగించింది. ఒక వసంతాన కళాశాల నుంచి పిలుపు వచ్చింది. అధ్యాపకుల ఎంపిక కోసం పెద్దల ఎదుట, నిండు తరగతిలో నిలబడి ఒక పాఠం చెప్పి చూపించాలి. తల్లి ఆనందించే లోపలే వీధిగదిలోంచి బాబాయి వచ్చాడు. భుజాన ముందుగది కిటికీ తెర.

"వదినా, అమ్మాయి గౌనుకు గుడ్డ దొరికింది."

"అది తెరయ్యా!"

"నిన్నటిదాకా. ఉల్లిపొట్టు వేసి మరిగించిన నీళ్ళలో ముంచితే పసిడి రంగు వస్తుంది. ముదురు పసుపు కాదు, లేత పసుపు కాదు, మామిడిపండు బుగ్గ మీద ఉంటుందే, అదీ!"

"నా తల్లే! ఉల్లిపొట్టు కట్టుకుని కిటికీ తెర పాఠం చెబుతుందా? నీకు పుణ్యం ఉంటుంది, ఈ ఒక్కసారికి దాన్ని వదిలెయ్యి నాయనా."

"నువ్వే చూద్దువుగాని" అంటూ ఆయన వెళ్ళిపోయాడు. పెరట్లో పెద్ద గిన్నె పొయ్యి ఎక్కింది.

భర్తను చూసి పిల్లలు నవ్వినా సహించింది. బిడ్డను చూసి పెద్దలు నవ్వితే మాత్రం ఆమె ప్రాణం నిలవదు. అదృష్టాన్ని నమ్ముకుని కూర్చునే రోజు కాదది. అమ్మాయి పాత గౌనొకటి కొంగుచాటున దాచుకుని, ఎవరికీ చెప్పకుండా, బజారు దర్జీ దగ్గరకు వెళ్ళింది.

దర్జీ ఆ గౌనును బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరమ్మా కుట్టింది?"

"మా మరిది."

"తాగుతాడా?"

"ఛీ ఛీ! ఉపవాసాలు కూడా ఉంటాడు."

"అయితే కష్టమేనమ్మా. తాగుడైతే మాన్పించవచ్చు."

"కొలతకే తెచ్చాను. ఆ వంకర తీసేసి, రెండు వైపులా సమంగా కుట్టు బాబూ. అలాగే తోడు వెళ్ళడానికి నాకొక పలచటి కోటు. దానికీ అంచు తిన్నగా ఉండాలి. దేవుడి మీద ఒట్టు, తిన్నగా ఉండాలి!"

పాఠం చెప్పవలసిన రోజు రానే వచ్చింది. ఉదయమే తల్లి కూతుర్ని గదిలోకి పిలిచి, కొత్త గౌను తొడిగి, అద్దం ముందు నిలబెట్టింది. తీగ మీద వేస్తే గీత గీసినట్టున్న ఆ గౌను అమ్మాయి ఒంటిమీదకు రాగానే మెడ ఒక పక్కకు జారింది. ఎడమ అంచు కిందికి వాలింది.

"తిన్నగా నిలబడవే."

"నిలబడ్డానమ్మా."

"ఆ ఎడమ భుజం కాస్త ఎత్తు."

"ఎత్తలేనమ్మా. అది అక్కడే ఉంటుంది."

తల్లి చెయ్యి గౌను మీదే ఆగిపోయింది.

అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు వైద్యుడు చెప్పిన మాట ఇన్నేళ్ళకు మళ్ళీ ఆమె చెవిన పడ్డట్టయింది. "వెన్ను కొద్దిగా వంగిందమ్మా. ప్రాణానికీ నడకకూ భయం లేదు. ఎడమ భుజం మాత్రం దిగువనే ఉండిపోతుంది." ఆ రోజుల్లో ఆమె ఏడవని పూట లేదు, మొక్కని దేవుడు లేడు. ఏడాది తిరగకుండానే పిల్ల భుజాలు సమంగా కనిపించాయి. అప్పటికి పిల్ల తన స్నానం తానే చేసుకునే వయసుకు వచ్చింది. మొర ఆలకించాడని ఆమె స్వామికి దణ్ణం పెట్టి, ఆ దిగులే మరచిపోయింది.

ఆమె గబగబా ఒక పాత గౌను అందుకుని ఎడమ భుజం తడిమింది. లోపల, గుడ్డకూ గుడ్డకూ మధ్య, మెత్తగా పొరలు పొరలుగా దూది. మరిది కుట్టుమిషను కొన్నది సరిగ్గా ఆ ఏటి వసంతంలోనేనని అప్పుడు గుర్తుకువచ్చింది.

దేవుడు మొర ఆలకించిన మాట నిజమే. కాకపోతే ఆలకించి, నేరుగా వచ్చి వీధిగదిలో మిషను ముందు కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే బాబాయి పసిడిరంగు గౌను చేతుల మీద మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. వదిన చేతిలోని దూది చూసి వెనక్కు తిరగబోయాడు.

"ఆగవయ్యా! ఏమిటిది?"

"దూది వదినా."

"అది నాకూ తెలుసు. దీని గౌనులో దూది పెట్టావు, అంచు ఎత్తావు, బాగుంది. మరి మా అందరి బట్టలకూ ఆ ఖర్మ ఎందుకు?"

బాబాయి గొంతు తగ్గించాడు. "తీగ మీద దానిదొక్కటే వంకరగా వేలాడితే పసిపిల్ల అడగదూ? ఒక్కళ్ళ బట్ట వంకరైతే లోపమంటారు వదినా. ఇంటిల్లిపాదిదీ వంకరైతే ఆ ఇంటి ఆచారమంటారు."

గడ్డానికి సబ్బునురగతో మాస్టారు తొంగిచూశాడు. "అంటే నన్ను చూసి పిల్లలు నవ్వింది..."

"నీ చొక్కాతోనే మొదలుపెట్టాను అన్నయ్యా. నువ్వైతే ఏమీ అనవని."

"మరి గలేబులు?" అంది వదిన.

"చెయ్యి అలవాటుపడిపోయింది వదినా. ఇప్పుడు తిన్నగా కుడదామన్నా రాదు." ఆయన ఇంకా ఏదో అనబోయి, అద్దం ముందు అమ్మాయి ఉన్న సంగతి గమనించి నాలుక కరుచుకున్నాడు.

అమ్మాయి నవ్వింది. "నాకెప్పుడో తెలుసు బాబాయ్. ఇంట్లో ఇస్త్రీ చేసేది ఎవరు? అంత దూది చేతికి తగలదా?"

"తెలుసా! మరి చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు దాచానని సంబరపడుతున్నావుగా. ఎందుకు పాడుచెయ్యడమని ఊరుకున్నా."

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "అయితే ఇన్నేళ్ళ వంకరా వృథాయేనా?" అన్నాడు, కొంప మునిగినవాడిలా.

"వృథా ఎలా అవుతుంది? ఈ ఇంట్లో నేనొక్కదాన్నే వేరని నాకు ఏ రోజూ అనిపించలేదు." ఆయన చేతిలోని గౌను లాక్కుంది అమ్మాయి. "అబ్బ, ఏం రంగు! ఇదే వేసుకుంటాను. దూది మాత్రం తీసెయ్యి బాబాయ్. ఎండలు మొదలయ్యాయి, చెమట పోసి చస్తున్నా."

"భుజం కనబడుతుందే!"

"కనబడనీ. పాఠం చెప్పేది నేను కదా, అది కాదుగా."

బాబాయి కత్తెర తీశాడు. ఇంట్లో ఏ బట్ట మీదా జాలి చూపని ఆ కత్తెర, ఆ చిన్న కుట్టు విప్పడానికి చాలాసేపు తటపటాయించింది. చివరికి దూది ఊడివచ్చింది. అంచు కొద్దిగా సవరించాడు. గౌను అమ్మాయి ఒంటిమీద, ఆమె భుజం ఎలా ఉందో అలాగే, హాయిగా నిలిచింది.

ఇంతలో వదినగారు తన కొత్త కోటు తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఏం వదినా, వదులైందా?"

"లేదు. మరీ తిన్నగా ఉంది. ఎడమ అంచు రెండు వేళ్ళు ఎత్తు. అమ్మాయి పక్కన నడవాలి."

కళాశాల వసారాలో బల్ల మీద వదినా మరిదీ కూర్చున్నారు. మూసిన తలుపు వెనుక పాఠం సాగుతోంది. ఉన్నట్టుండి తరగతంతా గొల్లున నవ్వింది. వదినగారు మరిది చెయ్యి గట్టిగా పట్టుకుంది. మరుక్షణం ఆ నవ్వుల మధ్య అమ్మాయి నవ్వు కూడా వినబడింది. వెంటనే "సరే, మరి దీనికి జవాబు ఎవరు చెబుతారు?" అని అదే గొంతు. నల్లబల్ల మీద సుద్దముక్క టకటకా పరుగెత్తింది. అది పిల్ల చెప్పిన ఛలోక్తికి వచ్చిన నవ్వు.

పక్కన కూర్చున్న ఒకావిడ, ఆమె కూడా కూతురి వంతు కోసం వచ్చినట్టుంది, మర్యాదగా దగ్గరకు వంగింది. "ఏమనుకోకండి, మీ కోటు అంచు ఓ పక్కన పైకి పోయిందండీ."

"పోలేదండీ" అంది వదినగారు, నిండుగా నవ్వి. "ఎత్తి కుట్టించుకున్నాను. మా ఇంటి ఆచారం."

అప్పటికే బాబాయి చూపు ఆవిడ కోటు మోచేతి దగ్గర వాలింది. అక్కడ బట్ట బాగా అరిగిపోయి ఉంది. ఆయన వేళ్ళు మెల్లగా జేబులోకి పాకుతున్నాయి.

"వద్దు" అంది వదినగారు పళ్ళ బిగువున. "ఆవిడెవరో మనకు తెలియదు."

"తెలుసుకుంటే పోలా వదినా?" అన్నాడు బాబాయి.