బ్యాటరీకి పోసిన నీళ్లు

మా చిన్న ట్రాక్టర్ బ్యాటరీని చంపింది నేనే. ఈ మాట ఊళ్లో ఎవరి ముందూ ఒప్పుకోలేదు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మాది కర్ణాటకలో చింతామణి దగ్గర పల్లె. ఇంటిని ఆనుకునే రెండెకరాల మల్బరీ తోట, సాళ్ల మధ్య దున్నడానికి ఆ ట్రాక్టర్. మా ఆయనకు నలభై ఐదు నిండకముందే మోకాళ్లు వంకర తిరిగాయి, నడుము బిగుసుకుపోయింది. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరిందని, వంగిన ఎముక ఇక సరికాదని, తాగే నీళ్లయినా మార్చుకోమని చిక్కబళ్లాపురంలో డాక్టరు చెప్పాడు. తలలూపి వచ్చాం. ఊళ్లో శుద్ధ నీళ్ల యంత్రం పెట్టారు కానీ రెండేళ్లకే చెడిపోయింది, గదికి తాళం వేశారు. క్యాన్ నీళ్లు తెప్పిస్తే ఈయన చప్పగా ఉన్నాయని ఉమ్మేశాడు. ఊరంతా ఇవే తాగడం లేదా అని నేనూ ఊరుకున్నాను.

నేల మీద పది అడుగులు వేస్తే గోడ పట్టుకోవలసిన మనిషి, స్టూలు వేసి సీటు ఎక్కిస్తే తోటంతా ఒక్కడే దున్నేవాడు. కూలికి ఎవరినైనా పెట్టుకోరాదా అంటే మండిపడేవాడు. వంగి బానెట్ కింద చూడడం ఆయన వల్ల కాదు గనుక ఆ పని నాది. ప్రతి శుక్రవారం ట్రాక్టర్ కడిగి, కుంకుమ పెట్టి, బ్యాటరీ మూతలు తీసి, ఇంట్లో బిందెలోని నీళ్లు చెంబుతో పోసేదాన్ని. మనం తాగేవి దానికి పనికిరావా ఏమిటి అనుకున్నాను. బిడ్డకు పాలు పట్టినంత జాగ్రత్తగా పోస్తున్నానని మురిసిపోయాను కూడా, నా తెలివి తగలెయ్య!

పోయిన వేసవిలో ఒకరోజు, పొద్దున్నే దున్నడానికి పోయినవాడు అన్నం వేళ దాటినా రాలేదు. తిట్టుకుంటూ వెళ్లాను. తోట నడుమ ట్రాక్టర్ ఆగి ఉంది, ఈయన సీటు మీదే ఉన్నాడు. ఇంజిన్ ఆగిపోయిందట. తాళం తిప్పితే టిక్కుమనడమే తప్ప మళ్లీ స్టార్ట్ కాలేదట. దిగడానికి స్టూలు లేదు, ఫోను ఇంట్లోనే ఉంది. మూడు గంటలు అట్లాగే ఎండలో కూర్చున్నాడు. లుంగీ తడిసి ఉంది.

"కేకేస్తే నీ సొమ్మేం పోతాదప్పా? పక్క తోటలో అంతమంది మనుషులు ఉండారు కదా!"

"వాళ్లొచ్చి నన్ను ఈ లుంగీతో దించల్లా?" అన్నాడు. నా మొహం చూడలేదు. "ఇంగ దీన్ని అమ్మేస్తావు కదా?" అని మెల్లగా అడిగాడు.

"నోరు మూసుకో. బ్యాటరీ పోయింది, మారుస్తే సరిపోతాది" అన్నాను. నా భుజం మీద ఆనించి దించి, నా పైట అడ్డం పట్టి ఇంటికి నడిపించుకొచ్చాను.

మర్నాడు ట్రాక్టర్ పక్కనే మంచం వేస్తే ఆయన దాని మీద కూర్చుని "ముందు నల్ల వైరు ఇప్పు, తర్వాత ఎర్రది" అని చెప్తుంటే నేనే బ్యాటరీ ఊడదీశాను. గోనెసంచిలో చుట్టి బస్సెక్కి చింతామణి వెళ్లాను. బ్యాటరీల అంగడాయన మూతలు తీసి, టార్చి వేసి చూశాడు.

"దీంట్లో ఏం నీళ్లు పోస్తాండారమ్మా?"

"బోరు నీళ్లే. మేము తాగేవే, మురికివి కాదప్పా."

"అయ్యో రామా! ఈ నీళ్లు సీసం పలకల్నే తినేస్తాయి. చూడమ్మా, ఎట్ల వంగిపోయినాయో."

చూశాను. అంగడాయన ఒక కొత్త బ్యాటరీ, ఒక క్యాను బ్యాటరీ నీళ్లు నా ముందు పెట్టి, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేశాడు. "ఈ నీళ్లు తప్ప వేరేవి పోస్తే మళ్లీ మార్చియ్యం, ఇప్పుడే చెప్తాండాను" అన్నాడు. బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. ఒళ్లో బ్యాటరీ పెట్టుకుని ఏడుస్తున్న నన్ను పక్కామె వింతగా చూసింది.

సాయంత్రం బిగించాను. స్టూలు వేసి ఎక్కించాను. తాళం ఒక్కసారి తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఆయన గారపళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలయిందో! నాలుగు సాళ్లు దున్ని గట్టు దగ్గరికి వచ్చి ఆపాడు.

"ఏమే, దప్పి అవుతాంది, నీళ్లు తే."

ఇంట్లోకి వెళ్లాను. బ్యాటరీ నీళ్ల క్యాను అటక మీద మూత బిగించి ఉంది. కింద బిందె ఉంది. ఎప్పటి చెంబే ముంచి తీసుకెళ్లాను. ఆయన సీటు మీదనే తల పైకెత్తి గటగటా తాగాడు.

"ఏం అట్ల చూస్తాండావు?"

"ఏం లేదు."

ఖాళీ చెంబు నా చేతికిచ్చి, "ఇంగొంచెం తే" అన్నాడు. తెచ్చి ఇచ్చాను.